ఎవరో రాస్తున్నారు

“మూసెయ్! ముందు దాన్ని మూసెయ్యమన్నానా?” మణికుమార్ అరిచాడు.

సుధామణి కదల్లేదు. కుర్చీ అంచుకు జరిగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది. వంటింటి గుమ్మంలో గంగాదేవి బియ్యం చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బల్ల మీద లాప్‌టాప్ గుడారంలా నిలబడి ఉంది. తెర నిండా పసుపుపచ్చ కాగితం లాంటి పేజీ. దాని మీద, ఈ ఇంట్లో ఎవరి వేలూ తగలకుండా, మాటలు పడుతున్నాయి. రెండు మాటలు పడతాయి. ఆగుతాయి. ఒకటి చెరిగిపోతుంది. మళ్ళీ పడుతుంది.

‘గడియ పెట్టారు. మెట్లు దిగిన చప్పుడయింది. ఇప్పుడు రాయొచ్చు.’

“అమ్మా, చూశావా? ఇప్పుడే రాస్తోంది. మనం చూస్తుండగానే రాస్తోంది” అంది సుధామణి. ఆ గొంతు తన కూతురిది కాదేమో అనిపించింది గంగాదేవికి.

ఆ లాప్‌టాప్ ఇంటికొచ్చి నాలుగు రోజులు. సుధామణి మగ్గం పనికి డిజైన్లు గీస్తుంది. కాగితం మీద గీసి ఫొటో తీసి పంపితే బొటిక్ వాళ్ళు ఒప్పుకోవడం లేదు. తెర మీద పెన్నుతో గీసే రకం కావాలి. కొత్తది కొనే తాహతు లేక, తల్లీ కూతుళ్ళు గవర్నర్‌పేటలో మేడలెక్కి దిగి, చివరికి బసవపున్నయ్య కొట్లో ఇది తీసుకున్నారు. రెండేళ్ళ నాటి చవక రకం. ఓ మూల సొట్ట, మడత బందు వదులు. కానీ మూత వెనక్కి తిప్పితే పలకలా అయిపోతుంది, పెన్ను తగిలితే గీత పడుతుంది. సుధామణికి అంతకంటే అక్కర్లేదు.

పాతవాళ్ళు తెర మీద రాసుకునే నోట్‌బుక్ ఒకటి చెరపకుండా అందులో అలాగే ఉండిపోయింది. నిన్నటిదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

“చదువు” అంది గంగాదేవి.

“చదవొద్దు!” అన్నాడు మణికుమార్.

సుధామణి చదివింది.

‘ఈ లాప్‌టాప్ ఎవరు కొన్నారో నాకు తెలీదు. మా పాప పాఠాల కోసం కొన్నది అది. నా పేరు కనకలక్ష్మి. కంకిపాడు. మా ఆయన సాయిగణేష్ పోయి ఎనిమిది నెలలు. నాకు అమ్మానాన్నా లేరు. మేడ మీద గదిలో పెట్టి బయట గడియ వేస్తున్నారు. ఫోన్ లాగేసుకున్నారు. నేను రాస్తున్నది పాపకి బళ్ళో ఇచ్చిన ట్యాబ్‌లో. పాఠాలూ ఈ నోట్‌బుక్కూ తప్ప ఇందులో వేరే ఏదీ తెరుచుకోదు. ఇక్కడ రాసింది అక్కడ కూడా పడుతుంది. గురువారం నాచేత పొలం కాగితాల మీద సంతకం పెట్టిస్తారు. పెట్టకపోతే ఏం చేస్తాడో మా మరిది చెప్పాడు. మీరెవరైనా సరే, చదివితే ఒక్క గీత గీయండి. మాట రాయకండి. గీతైతే పాప గీసిందనుకుంటారు, మాట రాస్తే వాళ్ళకి తెలిసిపోతుంది.’

గంగాదేవి చేట కింద పెట్టింది.

“గురువారమంటే ఎల్లుండే గదే?”

“ఎల్లుండైతే మనకేంటి?” మణికుమార్ గొంతు తగ్గించాడు. “ఇదంతా మోసం. మన మార్కెట్లో ఆమోసుకి ఏదో మెసేజొస్తే నొక్కాడు, ఖాతా ఊడ్చుకుపోయింది. మర్చిపోయారా?”

“మోసమైతే డబ్బులడగాలి గదయ్యా. ఈవిడ గీత అడుగుతోంది.”

“బిల్లుందా మన దగ్గర? లేదు. ఇది ఎవరింట్లో ఎత్తుకొచ్చిన సొత్తో! పోలీసులొస్తే మొదట పట్టుకునేది మనల్నే. కంకిపాట్లో మేడలున్నోళ్ళు వాళ్ళు. మనం చేపలమ్ముకునేవాళ్ళం. వాళ్ళింటి గొడవ మనకెందుకు గంగా?”

ఆ మాట అన్నాక అతనే ఆగిపోయాడు.

గంగాదేవి అతని మొహంలోకి చూసింది. ఆరేళ్ళ కిందట కొల్లేటి ఊరి నుంచి అతని చెల్లెలు పెద్దింట్లమ్మ ఫోన్ చేసి, ‘అన్నా, నన్ను తీసుకెళ్ళు’ అని ఏడ్చినప్పుడు, ‘మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకు, అదే సర్దుకుంటది’ అన్నాడు మణికుమార్. పెద్దింట్లమ్మ బతికి బయటపడింది. బందరులో రొయ్యల షెడ్డులో పని చేసుకుంటోంది. ఆనాటి నుంచి అన్న గడప తొక్కలేదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మణికుమార్ తల తిప్పుకుని కిటికీలోంచి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

గంగాదేవి చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను తీసుకుంది. పాతికేళ్ళుగా కత్తిపీట ముందు ఒక్కసారి కూడా తొణకని చెయ్యి అది. పెన్ను మొన తెర దాకా తీసుకెళ్ళి మూడుసార్లు వెనక్కి తీసింది.

గీసింది. వంకరగా, జానెడు గీత.

అవతల రాత ఆగిపోయింది.

ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. వీధిలో ఆటో హారన్ కొడితే సుధామణి ఉలిక్కిపడింది. చాలాసేపటికి ఒక్క మాట పడింది.

‘దేవుడా.’

తరవాత ఇంకొకటి.

‘మెట్ల మీద ఎవ’

అంతే. ఆ మాట పూర్తి కాలేదు. గంట కూర్చున్నా పూర్తి కాలేదు.

*

తెల్లారి తొమ్మిదింటికల్లా తల్లీ కూతుళ్ళు గవర్నర్‌పేటలో ఉన్నారు. బసవపున్నయ్య అప్పుడే షట్టరెత్తి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. వాళ్ళని చూడగానే అతని చెయ్యి గాల్లో ఆగింది.

“మీరే వచ్చారా అమ్మా! మంచిదైంది. ఆ పీస్ తెచ్చిచ్చెయ్యండి. దానికంటే మంచిది ఇస్తాను. పైన ఒక్క రూపాయి అడగను.”

“ఎందుకు బాబూ?” అంది గంగాదేవి.

“ఎందుకేంటమ్మా, మంచిది ఇస్తానంటుంటే!”

“బేరం చేసిన రోజు పెన్ను ఉత్తినే ఇవ్వడానికి గంటసేపు గింజుకున్నారు. ఇవాళ మంచిది ఇస్తానంటున్నారు. ఏం జరిగింది?”

బసవపున్నయ్య వీధి వైపు ఓసారి చూసి అగరొత్తులు గుచ్చేశాడు. “పొద్దున ఆరింటికి ఫోనొచ్చిందమ్మా. నాకు అమ్మినాయనే, హర్షవర్ధన్‌గారని. కొన్నప్పుడు మీరు రాసిచ్చిన నంబరూ అడ్రసూ కావాలన్నాడు.”

“ఇచ్చారా?”

అతను గాజు బల్ల తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

“ఇచ్చారా అంకుల్?” అని సుధామణి గట్టిగా అడిగింది.

“ఇవ్వకపోతే కొట్టు ముందుకొచ్చి కూర్చుంటానన్నాడమ్మా. ఆయన మాట మెత్తగా ఉంటుంది. మెత్తగానే చెప్పాడు. నేను పిల్లలుగలవాణ్ణి.”

మెట్లు దిగుతుండగానే సుధామణి ఫోన్ మోగింది. తెలియని నంబరు. గంగాదేవి కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“నమస్తే అండీ. సుధామణిగారాండీ?”

“వాళ్ళమ్మని.”

“ఆంటీ, నమస్తే. నా పేరు హర్షవర్ధన్ అండీ. మీరు కొన్న లాప్‌టాప్ మా అన్నయ్య కూతురిది. పొరపాటున అమ్మేశాం. పాప ఒకటే ఏడుపండీ. మీకు కొత్తదే కొనిచ్చేస్తాను. గుణదల మాత గుడి దగ్గరే కదండీ మీరుండేది, తెరేసమ్మగారి పోర్షన్‌లో? నాలుగింటికి నేనే వస్తాను. మీకు శ్రమెందుకు.”

ఫోన్ పెట్టేశాడు. గంగాదేవి ఎండలో నిలబడి ఉంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

“ఏమన్నాడమ్మా?”

“ఏమీ అనలేదే. అంత మర్యాదగా నాతో ఎవరూ మాట్లాడలేదు” అంది గంగాదేవి. “పద, ఆటో పిలువు.”

*

మణికుమార్ తెల్లవారుజామున ఐసు వ్యాను తోలి వచ్చి పడుకున్నవాడు, వీళ్ళు చెప్పింది విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఇచ్చేద్దాం. నాలుగింటికి ఇచ్చేసి చేతులు కడుక్కుందాం. మన అడ్రసు తెలిసింది వాడికి. ఆడపిల్ల ఉంది ఇంట్లో.”

“రాత్రి నుంచి ఒక్క మాట పడలేదయ్యా దాంట్లో” అంది గంగాదేవి.

“పడకపోతే?”

“గీత గీసింది నేను. నా గీత వాడి కంట్లో పడుంటే?”

సుధామణి తన ఫోన్ చూపించింది. “పేజీలన్నీ ఫొటోలు తీశాను నాన్నా. లాప్‌టాప్ ఇచ్చేసినా ఇవుంటాయి. పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం.”

“బిల్లేదీ అంటారు.”

“బిల్లు లేదని చెబుదాం. అదే నిజం కదా.”

“నువ్వు చెప్పినంత తేలిక కాదే అమ్మా…”

ఆ వాదం తేలనేలేదు. నాలుగింటికన్నవాడు రెండున్నరకే వచ్చాడు.

ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, నుదుటి మీద సన్నటి కుంకుమ. చేతిలో మిఠాయి డబ్బా. గుమ్మం బయట బూట్లు విప్పి, “లోపలికి రావచ్చాండీ?” అని అడిగి మరీ వచ్చాడు. డబ్బా బల్ల మీద, సరిగ్గా లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

“ఇదేనండీ. మా అన్నయ్య ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి.”

గంగాదేవి లాప్‌టాప్ మూత మడిచి రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. ఏం మాట్లాడాలో ముందుగా అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లోంచి వచ్చిందే వచ్చింది.

“ఫొటోలంటే పాప వాళ్ళమ్మకి కావాలి గదా బాబూ. ఆవిడ చేతికే ఇస్తాం.”

మణికుమార్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

హర్షవర్ధన్ నవ్వు చెదరలేదు. “అంతేగా ఆంటీ. కారుంది. రండి, వెళ్దాం. అంకుల్, మీరూ రండి. గంటలో మళ్ళీ దింపేస్తాను.”

అతను కాదంటాడనుకుంది గంగాదేవి. కోపం తెచ్చుకుంటాడనుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆమె లాప్‌టాప్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

చెప్పులేసుకునే వంకతో గంగాదేవి సుధామణి చెవి దగ్గరకు వంగింది. “మేం సందు దాటగానే ఇంటి ఓనరు తెరేసమ్మగారిని తోడు తీసుకుని స్టేషన్‌కెళ్ళు. ఆ ఫొటోలు చూపించు. బిల్లు లేదనే చెప్పు. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పు.”

“అమ్మా, వెళ్ళొద్దు.”

“వెళ్ళకపోతే ఆవిడ ఉందో లేదో ఎలా తెలుస్తదే?”

కారు తలుపులు టక్కుమని బిగుసుకున్నాయి. రింగ్ రోడ్డు కూడలి దాటి, బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డెక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఏసీ చల్లగా కొడుతోంది. పోరంకి దాటాక, అద్దంలోంచి గంగాదేవిని చూస్తూ హర్షవర్ధన్ అన్నాడు:

“నిన్న సాయంత్రం మా పాప నోట్‌బుక్‌లో ఎవరో ఓ గీత గీశారండీ.”

మణికుమార్ చెయ్యి వచ్చి గంగాదేవి మణికట్టును పట్టుకుంది.

“మా అమ్మాయి డిజైన్లు గీస్తది బాబూ” అంది గంగాదేవి. “చెయ్యి జారుంటది.”

“అయ్యుంటుందండీ” అన్నాడతను.

*

కంకిపాడులో వాళ్ళిల్లు రోడ్డు మీదికే ఉంది. కొత్త రంగులు, నున్నటి రాతి మెట్లు. మేడ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. హాల్లో సోఫాలో పెద్దావిడ కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది.

“మా అమ్మ, బుల్లెమ్మగారు” అని చెప్పి హర్షవర్ధన్ మెట్ల వైపు తలెత్తాడు. “వదినా! ఓసారి కిందికి రా.”

పై నుంచి గడియ తీసిన చప్పుడేదైనా వినిపిస్తుందేమోనని గంగాదేవి చెవులు రిక్కించింది. ఏదీ వినపడలేదు. ఒకమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఇస్త్రీ చీర, నున్నగా దువ్విన తల, మొహానికి పౌడరు. పాతికేళ్ళుంటాయేమో.

“ఏమమ్మా, కనకలక్ష్మివి నువ్వేనా?”

“అవునండీ.”

“ఈ పెట్టెలో నువ్వేదో రాశావని…”

“నేనా?” ఆ అమ్మాయి నవ్వింది. పెదాలు మాత్రమే కదిలాయి. “నేనేం రాయలేదండీ. మా పాప ఆడుకుంటూ ఏదో రాసి ఉంటుంది. మీకు ఇబ్బందయినట్టుంది. అది ఇచ్చేసి వెళ్ళిపోండి.”

మణికుమార్ గుమ్మం వైపు తిరిగాడు. “చూశావా? నేను చెప్పలే? పద గంగా.”

హర్షవర్ధన్ చెయ్యి చాచాడు.

ఒక్క క్షణం గంగాదేవికి తను పిచ్చిదాన్నేమో అనిపించింది. ఎవరింట్లోనో నిలబడి, ఎవరి వస్తువో పట్టుకుని, వాళ్ళ మర్యాద చెడగొడుతోంది. ఇచ్చేస్తే అయిపోతుంది. కారెక్కితే ఇల్లు. కూతురు, అన్నం, నిద్ర. చేతులు కాస్త సడలాయి కూడా.

అప్పుడే చూసింది. ఆ అమ్మాయి ఎడమ చేతి వేళ్ళు కుచ్చిళ్ళలో గుప్పిట బిగించి ఉన్నాయి. ఇస్త్రీ చీర అక్కడ నలిగిపోయింది.

“కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా. కార్లో తిప్పినట్టయింది” అంది గంగాదేవి.

“కూర్చోండి, నేను తెప్పిస్తా” అంది బుల్లెమ్మ.

“ఎందుకమ్మా, నేనే తాగొస్తాను” అని కనకలక్ష్మి వెనకాలే వంటింట్లోకి నడిచేసింది. చంకలో లాప్‌టాప్ వదల్లేదు.

కనకలక్ష్మి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు గట్టిగా పడేలా పూర్తిగా తిప్పింది. గ్లాసు దాని కింద పెట్టి, తలెత్తకుండా మాట్లాడింది.

“ఎందుకొచ్చారక్కా? నిన్న ట్యాబ్ లాగేసుకున్నారు. పాపని పొద్దున్నే ఎక్కడికో పంపేశారు. ఎక్కడో చెప్పడం లేదు. రాసింది నేనేనని చెప్పానంటే ఇంక పాపని చూడనివ్వనన్నాడు.”

“ఎన్నేళ్ళు పాపకి?”

“ఆరు.” గ్లాసు నిండి పొర్లిపోతోంది. “వెళ్ళిపోండక్కా. మీకు దణ్ణం పెడతాను. మీరు వెళ్ళిపోతే సంతకం పెట్టేస్తాను. పాపొస్తుంది.”

“పెట్టాక పంపకపోతే?”

కనకలక్ష్మి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది. ఆ ప్రశ్న ఆమె వంద సార్లు వేసుకునే ఉంటుంది.

“వదినా!” హాల్లోంచి మెత్తటి పిలుపు. “మంచినీళ్ళకి ఇంతసేపా?”

కనకలక్ష్మి కుళాయి కట్టేసింది. పౌడరు మొహం మళ్ళీ నున్నగా అయిపోయింది. గంగాదేవి ఆ మార్పునే చూసింది. ఎంత భయపడితే ఒక మనిషికి అంత త్వరగా మొహం మార్చుకోవడం అలవడుతుంది?

ఇద్దరూ హాల్లోకి వచ్చారు. హర్షవర్ధన్ మళ్ళీ చెయ్యి చాచాడు. ఈసారి రెండడుగులు ముందుకొచ్చాడు.

“ఇవ్వండి ఆంటీ. పొద్దుపోతోంది. మిమ్మల్ని దింపాలి కదా.”

సుధామణి స్టేషన్‌కి చేరిందో లేదో. చేరినా వాళ్ళు విన్నారో లేదో. విన్నా ఇక్కడికి ఎప్పటికొస్తారో. గంగాదేవికి ఇవేవీ తెలీవు. తెలిసిందల్లా ఒక్కటే. ఈ వస్తువు చేతులు మారిన క్షణం నుంచి తనకు ఈ ఇంట్లో నిలబడే సాకు ఉండదు.

“బాబూ, పొద్దున నువ్వే ఫోన్లో చెప్పావు, ఇది పాపదని. పాప ఒకటే ఏడుస్తోందని.”

“అవునండీ.”

“అయితే పాప చేతికే ఇస్తాను. పిలువు.”

బుల్లెమ్మ చేతిలో అడకత్తెర ఆగింది.

“పాప ఊళ్ళో లేదండీ” అన్నాడు హర్షవర్ధన్. మొదటిసారి ఆ గొంతులో మెత్తదనం పోయింది.

“ఫర్లేదు. వచ్చేదాకా కూర్చుంటా.”

గంగాదేవి సోఫా వైపు పోలేదు. చేపల గంప ముందు కూర్చున్నట్టే, ఆ నున్నటి నేల మీద, హాలు నడిమధ్యన, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బాసింపట్టు వేసుకుంది.

“ఏంటమ్మా ఈ అల్లరి?” బుల్లెమ్మ లేచింది. “ఏవయ్యా, నీ పెళ్ళాన్ని లేపి తీసుకుపో!”

గంగాదేవి తలెత్తలేదు. మొగుడు ఏమంటాడో ఆమెకు తెలుసు. ‘మనకెందుకు గంగా’ అంటాడు. భుజం పట్టుకుని లేపుతాడు. అతను లేపితే తను లేవక తప్పదు.

మణికుమార్ అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆమె వెనక ఆగింది.

తరవాత అతను మెల్లిగా వంగి, నేల మీద చెయ్యి ఆన్చి, ఆమె పక్కన కూర్చున్నాడు.

“పిల్లని పిలిపించండి బాబూ” అన్నాడు. “మేం ఇక్కడే ఉంటాం.”

మెట్ల దగ్గర కనకలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

హర్షవర్ధన్ వాళ్ళిద్దరినీ కాసేపు చూశాడు. వాళ్ళ పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి, వీధి తలుపు మూసి, లోపల గడియ పెట్టాడు.